కరివర్ధన్ గారి బండి

మోటారు పందెమనగానే, అది కలవారి వేడుక అని మన తెలుగిళ్ళలో పెదవి విరుస్తారు. నేనూ విరిచినవాడినే. కాని మన కోయంబత్తూరు లక్ష్మీ మిల్లు కుటుంబీకులు ఎస్. కరివర్ధన్ గారు 1988లో ఒక నియమము తెచ్చారు. మారుతి 800 కారు ఇంజను అమర్చి, ఒక్కరే కూర్చునే పందెపు బండి తయారుచేశారు. దాని పేరు ఫార్ములా మారుతి. అందరికీ ఒకే ఇంజను, ఒకే రకపు బండి. డబ్బు వెచ్చించి ఇంజను బలము పెంచుకొనే వీలు లేదు. ఇక మిగిలినది చేతి నేర్పే!

1995లో ఆయన విమాన ప్రమాదమున పోయారు. నలభై దాటీ దాటని వయసు. ఈ పని ఇంతటితో సరి అని ఊరిలో అనుకోనివారు లేరు. ఎల్.జి. బాలకృష్ణన్ సంస్థకు చెందిన బి. విజయకుమార్ గారు పగ్గాలు పట్టి, 2003 నాటికి చెట్టిపాళయములో కరి గారి పేరనే పందెపు బాట సిద్ధము చేయించారు. తన సంస్థ పేర నడిపిన ఫార్ములా ఎల్.జి.బి. పందెములలోనూ ఒకే రకపు బండి అన్న నియమము విడువలేదు.

2005లో ప్రపంచ ఫార్ములా ఒన్ పందెములలో దిగిన తొలి భారతీయుడు, మన ఊరి నరేన్ కార్తికేయన్, మొదట నడిపినది ఆ మారుతి ఇంజను బండినే.