కొండ నేలకు ఏ ట్రాక్టర్?
హార్స్‌పవర్ కన్నా ముందు వాలును కొలవాలి
మన్యం రైతులు కొనేముందు తెలుసుకోవాల్సిన అంశాలు

పాడేరు: ఎద్దులను పోషించే ఇళ్లు మన్యంలో ఏటికేడు తగ్గిపోతున్నాయి. అదను దాటకముందే పొలం పనులు ముగించాలంటే కూలీలు దొరకడం లేదు. దీంతో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల గిరిజన రైతులు చిన్న ట్రాక్టర్ల వైపు చూస్తున్నారు. అయితే మైదానంలో బాగా పనిచేసిన యంత్రం కొండ మీద కూడా అలాగే పనిచేస్తుందనుకుంటే పొరపాటే. కొండదారుల్లో, వాలు పొలాల్లో ట్రాక్టర్ బోల్తా పడి ప్రాణాలు పోయాయన్న వార్తలు తరచూ వింటూనే ఉన్నాం. వాటిలో అన్నీ డ్రైవర్ పొరపాట్లు కావు. ఆ నేలకు తగని యంత్రాన్ని ఎంచుకోవడంతోనే కొన్ని ప్రమాదాలకు బీజం పడుతోంది.

ట్రాక్టర్ కొనబోయే రైతు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని హార్స్‌పవర్?’ అని. కొండ నేలలో మొదట అడగాల్సింది ‘నా పొలం వాలు ఎంత?’ అని.

కొలవడం తేలికే

వాలు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మీటరు పొడవున్న తిన్నని కర్ర, తాపీ మేస్త్రీలు వాడే లెవల్ గొట్టం, కొలత టేపు ఉంటే చాలు. కర్ర ఒక కొసను పొలం పైవైపు నేలకు ఆనించి, రెండో కొసను కిందివైపు గాలిలో సమతలంగా పట్టుకోవాలి. ఆ రెండో కొస నుంచి నేల వరకు ఎన్ని సెంటీమీటర్లు ఉంటే వాలు అంత శాతం అన్నమాట. పది సెంటీమీటర్లుంటే 10 శాతం, పాతికుంటే 25 శాతం. పొలంలో నాలుగైదు చోట్ల ఇలా కొలిచి, అన్నింటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోవాలి. సగటు లెక్క ఇక్కడ పనికిరాదు. బండి బోల్తా పడేది సగటు వాలులో కాదు, అత్యధిక వాలు ఉన్నచోటే.

పది శాతం లోపు వాలున్న పొలంలో చిన్న ట్రాక్టర్ మామూలు జాగ్రత్తలతో పనిచేస్తుంది. పది నుంచి ఇరవై శాతం మధ్య నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ యంత్రం, అనుభవమున్న డ్రైవర్ తప్పనిసరి. ఇరవై దాటిందంటే దుక్కికి ట్రాక్టర్ ఆలోచన మానుకోవడమే మేలు. ఇవి పొడి నేలకు చెప్పే లెక్కలు. వర్షానికి తడిసిన ఎర్రమట్టి మీద, రాలిన ఆకుల మీద చక్రం జారుతుంది కనుక అక్కడ హద్దును ఇంకా తగ్గించుకోవాలి.

ఎటు దున్నినా చిక్కే

కొండ వాలులో దుక్కికి ఒక చిక్కు ఉంది. పైనుంచి కిందికి దున్నితే ట్రాక్టర్‌కు ప్రమాదం తక్కువ. కానీ ఆ చాళ్లే వాన నీటికి కాలువలై పైమట్టిని గెడ్డలోకి కొట్టుకుపోతాయి. వాలుకు అడ్డంగా దున్నితే మట్టి నిలుస్తుంది. కానీ ట్రాక్టర్ ఒక పక్కకు ఒరిగి నడవాల్సి వస్తుంది. కింది చక్రం చిన్న గుంతలో పడినా, పై చక్రం రాయి ఎక్కినా బండి పల్టీ కొడుతుంది.

పది శాతం లోపు వాలులో అడ్డంగా దున్నవచ్చు. అంతకుమించితే గట్లు వేసి మడులుగా మార్చుకున్న నేలలోనే ట్రాక్టర్ దింపాలి. అలా మార్చడానికి వీల్లేని నేలలో ఎద్దుల నాగలో, చేత్తో నడిపే పవర్ వీడరో నయం. ఎటు దున్నినా నష్టం తప్పని చోట ట్రాక్టర్‌ను దింపకపోవడమే సరైన నిర్ణయం.

కాఫీ తోటలో దుక్కి వద్దు

మన్యంలో అరబికా కాఫీని సాధారణంగా రెండు మీటర్ల ఎడంతో నాటుతారు. ఎకరాకు దాదాపు వెయ్యి మొక్కలు వస్తాయి. కొమ్మలు విస్తరించాక వరుసల మధ్య మిగిలే సందులో మనిషి నడవడమే కష్టం. మీటరుకు పైగా వెడల్పుండే యంత్రాన్ని అందులోకి తోలితే కొమ్మలు విరుగుతాయి. పైగా కాఫీ మొక్కకు ఆహారం అందించే వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుని ఉంటాయి. దున్నితే అవి తెగుతాయి. సిల్వర్ ఓక్ ఆకులు రాలి ఏర్పడిన మెత్తటి పొర చెదిరి మట్టి కోతకు గురవుతుంది. తోటలో కలుపు తీతకు చేతి పనిముట్లు, బ్రష్ కట్టర్ సరిపోతాయి.

మరి కాఫీ రైతుకు ట్రాక్టర్ ఎందుకు? తోట బాట వెంట పండ్లను పల్పర్ దగ్గరకు చేర్చడానికి, ఎరువు మోయడానికి, నీటి పంపు నడపడానికి. వీటితోపాటు గెడ్డ వెంబడి వరి మడిలో దమ్ముకు, మడులుగా ఉన్న అల్లం, పసుపు, కూరగాయల భూములకు, చోడి నూర్పిడికి అక్కరకొస్తుంది. అంటే చాలామందికి దుక్కి కన్నా రవాణాయే పెద్ద పని. ఎంపిక కూడా ఆ లెక్కనే సాగాలి.

ఎత్తుకు తగ్గే శక్తి

కరపత్రంలో కనిపించే హార్స్‌పవర్ ఇంజినుది. రొటావేటర్, పంపు వంటి పరికరాలు తిప్పే పీటీవో దగ్గరకు వచ్చేసరికి అందులో 10 నుంచి 20 శాతం వరకు తగ్గుతుంది. టర్బో లేని ఇంజినుకు సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు మూడు శాతం శక్తి తగ్గుతుందన్నది సాధారణ లెక్క. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడటమే దీనికి కారణం. పాడేరు పరిసరాలు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. కాబట్టి 24 హెచ్‌పీ ట్రాక్టర్ ఇక్కడ పీటీవో దగ్గర 18 నుంచి 19 హెచ్‌పీ ఇస్తే బాగా ఇచ్చినట్టే. నాలుగడుగుల లోపు రొటావేటర్‌కు అది చాలు. మైదానంలో వాడే పెద్ద రొటావేటర్‌ను దానికి తగిలిస్తే ఇంజిను రొప్పుతుంది, డీజిల్ తాగుతుంది.

మార్కెట్లో స్వరాజ్ 717 వంటి 15 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండ్ల నుంచి కుబోటా ఎ211ఎన్, మహీంద్రా జివో 245 వంటి 21-24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల వరకు, 28 హెచ్‌పీ జాన్ డీర్ 3028 ఈఎన్ వరకు చిన్న ట్రాక్టర్లు పలు రకాలు వచ్చాయి. ఇవి తరగతులు తెలియడానికి చెప్పిన పేర్లే తప్ప ఒకటి మంచిది, మరొకటి కాదని చెప్పడం లేదు.

దిగేటప్పుడే అసలు పరీక్ష

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఎక్కుడు కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని విలువ దిగుడులో తెలుస్తుంది. చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు ఎక్కువగా వెనక చక్రాలకే ఉంటాయి. వాలు దిగేటప్పుడు బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది కానీ బండి ఆగదు, జారుతుంది. నాలుగు చక్రాలూ ఇంజినుకు కలిసి ఉంటే బరువు పడిన ముందు చక్రాలు కూడా బండిని పట్టి ఉంచుతాయి. అందుకే దిగడానికి ముందే ఫోర్ వీల్ లీవర్ వేసుకోవాలి. తక్కువ గేరులోకి మార్చుకోవాలి. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కొండీతో కలిపి ఉంచాలి. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించడం, దారి మధ్యలో క్లచ్ తొక్కి పట్టుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

ట్రాలీ విషయంలోనూ ఇదే సూత్రం. ఈ తరగతి ట్రాక్టర్ల బరువు ఎక్కువగా 600 నుంచి 1000 కిలోల మధ్య ఉంటుంది. బ్రేకులు లేని ట్రాలీలో సరుకుతో కలిపి అంతకుమించిన బరువు వేసుకుని వాలు దిగితే వెనకున్న ట్రాలీ ముందున్న ట్రాక్టర్‌ను నెట్టేస్తుంది. మలుపులో అడ్డం తిప్పి పడేస్తుంది. కాఫీ బస్తాలను రెండు విడతలుగా దింపితే ఒక గంట పోతుంది, అంతే.

కొనేముందు చూడాల్సినవి

* చక్రాల వెడల్పు: తోట బాటలో అతి ఇరుకైన చోటును కొలుచుకుని వెళ్లాలి. ఆ బాటలో పట్టేంత వరకు చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న బండే స్థిరం. దూరాన్ని సవరించుకునే వీలుందో లేదో అడగాలి.

* బరువు కిందికి ఉండటం: నేలకు దగ్గరగా బరువుండే బండి త్వరగా ఒరగదు. వెనక టైర్లలో నీరు నింపుకొనే వీలుంటే ఇంకా మంచిది.

* రక్షణ కమ్మీ, సీటు బెల్టు: బండి తిరగబడినా డ్రైవర్ నలిగిపోకుండా కాపాడేది సీటు వెనక నిలబడే బలమైన ఇనుప కమ్మీ. చాలా చిన్న ట్రాక్టర్లకు ఇది విడిగా అడిగితేనే వస్తుంది. ధర బేరంలో దీన్ని వదులుకోవద్దు. కమ్మీ నిలిపి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోవాలి. కొమ్మలు తగులుతున్నాయని కమ్మీని మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు. ఎండకు వేసే రేకు టాపు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

* చెట్ల మధ్య నడక: నిలువు సైలెన్సర్ కొమ్మలకు తగులుతుంది, ఎండుటాకులకు నిప్పు భయం ఉంటుంది. పక్కకు గానీ కిందికి గానీ తిప్పిన సైలెన్సర్ నయం. రేడియేటర్ జాలీలో ఆకులు ఇరుక్కుంటే ఇంజిను వేడెక్కుతుంది కనుక రోజూ శుభ్రం చేసుకునే వీలుండాలి. పొదల్లో దాగిన మోడులు టైర్లను చీలుస్తాయి, బండి అడుగు భాగాన్ని దెబ్బతీస్తాయి.

* ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు: తడిలో, బురదలో పొడి బ్రేకుల కన్నా ఇవి నమ్మకమైనవి.

* సర్వీసు: చెడిపోతే మెకానిక్ ఘాట్ ఎక్కి వస్తాడా, విడి భాగాలు ఎన్ని రోజులకు దొరుకుతాయి అన్నది డీలరుతో ముందే మాట్లాడుకోవాలి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. పీటీవో శక్తి, బరువు, బ్రేకుల పనితీరు అందులో ఉంటాయి. డీలరును ఆ నివేదిక చూపమని అడగడం రైతు హక్కు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో యంత్రాల వాడకంపై శిక్షణ కూడా లభిస్తుంది. అన్నింటికీ మించి షోరూం ముందు కాకుండా సొంత పొలంలో, బరువు వేసిన ట్రాలీతో నడిపి చూపించమనాలి. కాదన్న చోట కొనకపోవడమే మంచిది.

కొనడమా, కలిసి వాడుకోవడమా?

ఐదెకరాల కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో మూడెకరాలు కాఫీ, ఎకరం వరి, ఎకరం అల్లం, కూరగాయలు. కాఫీకి దుక్కి లేదు. వరి దమ్ముకు ఒకటి రెండు రోజులు, అల్లం మడులకు రెండు మూడు రోజులు, కాఫీ పండ్లు, ఎరువుల రవాణాకు పది రోజులు. ఎంత లెక్క వేసినా ఏడాదిలో పదిహేను రోజులకు మించి ట్రాక్టర్‌కు పని లేదు. మిగిలిన రోజులన్నీ వాయిదాలు నడుస్తాయి, బండి నిలిచే ఉంటుంది. అలాంటప్పుడు నలుగురైదుగురు కలిసి కొనడమో, అద్దెకు తెచ్చుకోవడమో, పవర్ టిల్లరుతో సరిపెట్టుకోవడమో తెలివైన పని.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. డీలరు చెప్పే ధరలో ఆ తగ్గింపు ఉందో లేదో బిల్లులో చూసుకోవాలి. రాయితీ పథకాలు ఏటా మారుతుంటాయి కనుక అడ్వాన్సు ఇవ్వకముందే గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో విచారించడం మంచిది.

ఇవి మరవొద్దు

బురదలో చక్రం ఇరుక్కున్నప్పుడు దుంగలు కట్టి ముందుకు లాగించకూడదు. ఎక్కుడులో ఇలా చేస్తే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్ తేరుకునేలోపే అంతా అయిపోతుంది. రివర్స్‌లో మెల్లగా దిగిపోవాలి. బరువు లాగే గొలుసును కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి తప్ప పైన ఉండే లింకుకు కట్టకూడదు.

చివరిగా ఒక మాట. సంత రోజున, పెళ్లిళ్ల రోజున ట్రాలీలో జనాన్ని ఎక్కించుకోవడం మన్యంలో మామూలైపోయింది. ట్రాలీ సరుకు కోసం చేసింది. దానికి పట్టుకోవడానికి కమ్మీ లేదు, కూర్చోవడానికి సీటు లేదు, వాలులో ఆగడానికి చాలాసార్లు బ్రేకు కూడా లేదు. ట్రాక్టర్ ఎంత మంచిదైనా ఈ ఒక్క అలవాటు మారకపోతే, జాగ్రత్తగా ఎంచుకున్న ఫలితం అంతా ఒక్క మలుపులో పోతుంది.