ఉప్పుగాలిలో ఒక అటక

ఉత్తరాంధ్ర తీరమున పాతకాలపు పెంకుటిండ్లు కట్టించినవారు అటకను అదనపు సౌకర్యముగా ఎన్నడును భావింపలేదు. దూలములపై బల్లలు పరచి, గోడవారగా నిచ్చెన ఆనించి, వానకాలమునకు కావలసిన వంటచెరకును, విత్తనపు గింజలను, పెండ్లిండ్లకు మాత్రమే దిగు గుండిగలను, గంగాళములను అచ్చట భద్రపరచుట గృహనిర్మాణములోనే ఇమిడిన యోచన. క్రింద పొయ్యి మండినంత కాలము దాని పొగ పెంకుల సందులనుండి వెలికిపోవుచు, దారిలో కలపకు చెదను, గింజకు పురుగును సోకనీయక కాపాడెడిది. అనగా పూర్వపు అటకకు గాలి యుండెను, పొగ యుండెను, ఏటేట దింపి ఎక్కించు రివాజు ఉండెను.

నేడు విశాఖలోని రుషికొండలో, ఒకవంక సముద్రమును, మరొకవంక కొండను పెట్టుకొని భీమిలి రోడ్డు పొడవునను లేచిన అపార్టుమెంట్లలో, అటకకు ఈ మూడును లేవు. పదియడుగుల ఎత్తు గల గదిలో, తలుపు పైమట్టమున, అనగా ఏడడుగుల చోట, గోడనుండి రెండడుగులు ముందుకు చొచ్చిన కాంక్రీటు పలక యొకటి మిగిలినది. మేస్త్రీలకు లాఫ్టు, ఇల్లాండ్రకు అటక, ఇంటిలో ఎవరును మరల తలయెత్తి చూడనిది. పాత మిక్సీ, అట్టపెట్టె విప్పని బహుమతులు, టీవీ కొన్ననాటి థర్మోకోలు, ఎవరికిని సరిపడని స్వెట్టరు, ఇవన్నియు ఒక్కొక్కటిగా పైకెక్కి, దిగు మార్గ మెరుగక స్థిరపడుచుండును. ఇట్టి చోటును పనికి తేదలచినవాడు కొట్టునకు పోవుటకు ముందు సమస్తమును నేలకు దింపవలెను; ఆ కార్యము ఒక ఆదివారమున ముగియునని నమ్మువారు తమ యింటి నెరుగరు.

యువకులు కొందరు పరదేశపు ఇండ్ల బొమ్మలు చూచి, అటకపైనే పరుపు పరచుకొని చదువుకొనవచ్చుననియు, చిత్రములు గీసికొనవచ్చుననియు ఉబలాటపడుచుందురు. మంచు కురియు దేశములలో ఏటవాలు కప్పుల క్రింద మిగులు విశాలమైన గదికిని, మన పలకకును పోలిక లేదు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి అటకకు 1.5 మీటర్లకు మించిన ఎత్తును ఒప్పుకొనక, దానిని సామాను భద్రపరచుటకే నిర్దేశించినది. మనుష్యుడు మసలదగిన నడిమి అంతస్తునకు కనీసము 2.2 మీటర్లు కోరినది. పైగా ఒక అంచు మాత్రమే గోడలో నాటుకొని, రెండవ అంచు గాలిలో నిలిచిన పలకకు బలమిచ్చు చువ్వలు దాని పైభాగమున నుండును. బరువు చివరకు జరిగినకొలది గోడ మొదట ఒత్తిడి హెచ్చును. ఉక్కు కర్మాగారము గల ఊరిలో కాపురముండియు ఆ చువ్వలెక్కడ నున్నవో విచారింపక, డ్రిల్లు మిషనుతో పైనుండి తూట్లు పొడుచువారిని చూచినపుడు నాకు కొంచెము కోపమే వచ్చును. మీటరు పొడవున వరుసగా నిలిపిన పుస్తకములు ముప్పది కిలోల వరకు తూగును గనుక అవి గోడ నంటియుండవలెను. దుప్పట్లు, బుట్టలు, పండుగ దీపముల తోరణములు అంచున నుండవచ్చును. గోడ మొదట పగులు కనిపించిన పలకపై ఏమియు పెట్టక ఇంజనీరునకు చూపవలెను. కావున నా మతమున మనిషి కూర్చుండవలసినది అటక క్రిందనే: పైన సామగ్రి, క్రింద గోడకు బిగించిన మడతబల్ల, దానిపై ఒక దీపము.

మా ప్రాంతమున ఈ యత్నమునకు ప్రబల శత్రువు ఉప్పుగాలి. మా అటకనుండి దింపిన ట్రంకుపెట్టె చూపులకు నిక్షేపముగా నుండెను; గడియ తీయబోగా అది కాల్చిన అప్పడము వలె పొరలుగా చిట్లి చేతిలోనికి వచ్చెను. గాలి మోసికొని వచ్చిన ఉప్పు చెమ్మను పీల్చుకొని ఇనుము నంటిపెట్టుకొని యుండుటచేత, వాన లేని దినములందును ఆ లోహము తడిసియే యుండును. “ఇనప మేకులొద్దు బాబూ, ఈ గాలి తినేస్తాది” అని వడ్రంగి చెప్పిన మాట మన్నించి స్టెయిన్‌లెస్ స్టీలు మరలును, ఇత్తడి బందులును వేయించితిని. అరలకు ఐఎస్ 710 గుర్తు గల మెరైన్ ప్లైవుడ్డు తగినది. దాని జిగురు నీటికి వీడదు, కాని కోసిన అంచులకు రంగో, పట్టీయో వేయకున్నచో చెమ్మ అచ్చటనుండియే దూరును. తలుపులకు అద్దముకంటె జాలీ మేలు. కలరా ఉండలు పురుగును తరుమునేగాని చెమ్మను ఆపజాలవు. గాలి ఆడనిచోట ఎన్ని ఉండలు వేసినను బూజు బూజే.

ఇక వేడి. పై అంతస్తులలో పగలెల్ల ఎండను త్రాగిన స్లాబు రాత్రి చాల ప్రొద్దు పోవువరకు దానిని క్రిందికి విడుచుచునే యుండును. మా సంక్రాంతి కొలువు బొమ్మలు దీనికి సాక్ష్యము. వరాహనది తీరపు ఏటికొప్పాకలో, తరిమెనపై తిరుగు అంకుడు కర్రకు లక్కకడ్డీని ఒత్తగా ఆ రాపిడి వేడికే లక్క కరగి రంగుగా పట్టును. వేడితో ఎక్కిన రంగు వేడికే మెత్తబడుట సహజము గనుక, ప్లాస్టిక్ సంచిలో కుక్కిన మా ఏటికొప్పాక బొమ్మలు ఒకదానినొకటి అంటుకొని, విడదీయగా చెక్కిళ్ళు కోల్పోయినవి. కొండపల్లి బొమ్మల కష్టము వేరు. తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి చేసిన ఆ దశావతారములలో, పరశురాముని గొడ్డలిచేయి పురుగు పాలైనది.

అభిరుచి యని నేను వెదకుకొనకయే మడతబల్ల మీదికి వచ్చిన పని ఈ బొమ్మల మరమ్మతు. చింతగింజల పొట్టు తీసి, నూరి, ఉడికించి, రంపపుపొట్టు కలిపి మక్కు చేయుట, ఎండినపిదప గరుకుకాగితముతో సవరించుట, సన్నని కుంచెతో కనుబొమ దిద్దుట. ఇందులకు కావలసిన పరికరములెల్ల చేయి చాచిన అందునట్లు క్రింది అరలో నుండగా, సంక్రాంతి వచ్చువరకు కదలనక్కరలేని బొమ్మలు పాత నూలుపంచె ముక్కలలో ఒదిగి, స్లాబుకు దూరముగా, లోపలి గది గూటిలో నున్నవి.

చోటు ఎంచుకొనుటలో తుపానును మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినపుడు, పగిలిన కిటికీలనుండి అడ్డముగా కొట్టిన వాన, ఎత్తుననున్నదన్న ధీమాతో పెట్టిన వస్తువులను సైతము తడిపినది. సముద్రపు కిటికీ కెదురుగానున్న అటకలో కాగితములు, ఛాయాచిత్రములు ఉంచరాదు. స్నానాలగది మీది అటకయు వానికి తగదు. అచ్చట గొట్టముల కీళ్ళుండును.

అన్నిటికంటె ముందు కొనవలసినది వెడల్పు మెట్ల అల్యూమినియం నిచ్చెన. కుర్చీపై స్టూలు వేసి ఎక్కు సాహసమును మన ఇండ్లలో పెద్దలే ఎక్కువగా చేయుదురు. దింపిన సామానులో సగము పాతసామాన్లవాని బండి కెక్కినది, కొంత వాచ్‌మన్ ఇంటికి చేరినది. మా అమ్మమ్మనాటి గంగాళము మాత్రము హాలు మధ్యనే యున్నది. దానిని మరల ఎక్కింతమని నేనును, ఏ అన్నదాన సత్రమునకైన ఇత్తమని మా ఇంటివారును వాదించుచుండగా, ప్రస్తుతము అందులో ఇస్త్రీకి వేయవలసిన బట్టలు పడుచున్నవి.