కోటకు పెట్టిన సున్నం... మా ఇంటికి పెట్టరాదా?

మాది జహీరాబాద్. మా పార్లమెంటు సీటు కిందికే వచ్చే దోమకొండ కోట గురించి సినీ ప్రియులకు నేను చెప్పాలా? 2012 జూన్‌లో చిరంజీవి ఇంట కోడలిగా అడుగుపెట్టిన ఉపాసన పూర్వీకుల కోట అదే! రామ్‌చరణ్ పెళ్లి ఫోటోల కోసం అప్పట్లో ఎగబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే మొన్న దోమకొండ వెళ్లింది తారల కోసం కాదు... మా ఇంటి గోడ కోసం!

నవ్వకండి. మాది ఎర్రరాతి ఇల్లు. రెండు వందల ఏళ్ల నాటిదని మా నాయనమ్మ లెక్క. దాన్ని ‘మాడర్న్’ చేద్దామని మా అన్న ఆరేళ్ల కింద ఒక కాంట్రాక్టరును పిలిచాడు. ఆయన గోడలన్నిటికీ నున్నగా సిమెంటు మెత్తి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టి చక్కాపోయాడు. మొదటి ఏడాది ఇల్లు హీరోయిన్‌లా మెరిసిపోయింది. రెండో వానాకాలానికి మేకప్ కరిగింది! నడుమెత్తు దాకా చెమ్మ, ఉప్పు పొక్కులు, రాలే పెచ్చులు. “కూలగొట్టి స్లాబిల్లు వేసుకుందాం తమ్మీ” అన్నాడు అన్న. మా నాన్న పుట్టిన గది ఉంది అందులో. నాకు గొంతు పెగల్లేదు.

శతాబ్దాల నాటి దోమకొండ కోటను బాగుచేయించింది సర్కారు కాదు, కామినేని కుటుంబమే. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి మెరిట్ అవార్డు వచ్చింది. అంత పాత గోడలు నిలబడ్డప్పుడు మావి ఎందుకు నిలవవు? తిరిగొచ్చి మా బస్తీలో ఓ ముసలి తాపీమేస్త్రీని పట్టుకున్నాను.

“రాయి నీళ్లు తాగుతది సారూ, ఎండకు విడుస్తది. మీరు దాని నోరు కుట్టిండ్రు!” అన్నాడాయన.

ఎర్రరాయి నిండా సన్నని బెజ్జాలే. నేలలోని తడి వాటి గుండా పైకి పాకుతుంది. పైన సున్నం ఉంటే ఆవిరైపోతుంది. సిమెంటు అడ్డుకుంటే లోపలే చిక్కి, ఉప్పై పొంగి రాతినే తినేస్తుంది. పక్కనున్న బీదరు కోటదీ ఇదే ఎర్రరాయి మరి! ఇప్పుడు సిమెంటును ఉలితో మెల్లగా ఒలిచి, గోడను ఆరనిచ్చి, డంగు సున్నం పూయాలి. కరెంటు పైపులు రాయిని కోయకుండా గోడ మీదుగానే పోవాలి. స్నానాలగది పాత గోడకు ఆనకుండా పెరట్లో. ఏసీ సంగతి తర్వాత చూద్దాం!

“సినిమావాళ్లకు కోటలుంటయి తమ్మీ, మనకెక్కడి పైసలు?” అన్నాడు అన్న. అదీ నిజమే. సున్నం పని నిదానం, కూలీ ఎక్కువ. నాలుగు రోజులు బతిమాలితే ఒక్క గది వదిలాడు, అదీ వచ్చే వానాకాలం దాకా గడువు పెట్టి. నాన్న పుట్టిన గదే అడిగి తీసుకున్నాను.

సున్నం మా వాకిట్లో తొట్టిలో నానుతోంది.