ముగ్గులో బీజగణితము

బీజగణితమున అంకెకు బదులు అక్షరమేలయని బాలికలు బెదరుదురు. నందికొట్కూరు వాకిటి ముగ్గే అందుకు సమాధానమని నేను చెప్పుదును.

నడిమి వరుసలో 7 చుక్కలుంచి, పైకిని క్రిందికిని 5, 3, 1గా తగ్గింపుడు. ప్రతి వరుసను తెలుపుతో మొదలిడి, ఎరుపును తెలుపును మార్చి మార్చి పెట్టుడు. తెల్లనివి నాలుగు నాలుగులు 16. ఎర్రనివి మూడు మూడులు 9. నడుమ 21 చుక్కలైనచో? ఎంచుటకు ఓపిక చాలదు. పైనుండి నడిమివరకు గల వరుసల సంఖ్యను ‘వ’ యనుకొందము. తెలుపు ‘వ’కు వర్గము; ఎరుపు దానికి ఒకటి తక్కువదాని వర్గము. ఇచ్చట ‘వ’ 11 గనుక, మొత్తము 221.

1150 ప్రాంతమున భాస్కరాచార్యులు తమ బీజగణితమున అవ్యక్తరాశులకు కాలకము, నీలకము, పీతకమని రంగుల పేర్లే వాడిరి. ఉపాధ్యాయులు ప్రతి బాలికచేతను సొంత ముగ్గొకటి కల్పింపజేసి, దాని సూత్రమును ఆమెనే వెదకనిత్తురుగాక. లెక్క రాదనిపించుకొన్న పిల్లయే అక్షరమునకు అర్థము చెప్పగలదు.