కూత ఆగాక మోకాలు మాట్లాడుతుంది

అమ్మడూ, మొన్న సంక్రాంతి కబడ్డీ పోటీలకి నందిగామ వచ్చిన పెద్ద ప్లేయరమ్మ స్టేజీ మెట్లు పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టుకుంటూ దిగిందేం తాతయ్యా అనడిగావు. ఆవిడకి నిండా నలభై అయిదు లేవు. వయసు కాదమ్మా, అది ఆట తాలూకు బాకీ.

కూతకెళ్లిన పిల్ల ఏం చేస్తుందో చూడు. అవతలి పిల్లని తాకి, ఒళ్లంతా గిరుక్కున మధ్య గీత వైపు తిప్పుతుంది. సరిగ్గా అప్పుడే ఒకత్తె చీలమండ దొరకబుచ్చుకుంటుంది. పాదం కదలదు, తొడ తిరిగిపోతూనే ఉంటుంది. ఆ మెలి అంతా పడేది మోకాలి మీద. మోకాలు తలుపు బందు లాంటిది, ముడవడానికీ చాపడానికీ తప్ప మెలి తిరగడానికి పెద్దగా పనికిరాదు. దాని లోపల రెండు లిగమెంట్లు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ముందుది తెగినప్పుడు చాలామందికి ‘టప్’మన్న చప్పుడు వినిపిస్తుంది. మన నల్లరేగడి నేలలో తడికి పాదం అతుక్కుంటుంది, మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టేస్తుంది. రెండిట్లోనూ పాదం ఆగిపోవడమే అసలు చిక్కు.

ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలకి ఈ లిగమెంట్ తెగే ముప్పు రెండు రెట్లకి పైమాటే. ఎముకల పొందిక కొంత కారణం, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలడం కొంత. మూడోది ఎవరూ ఒప్పుకోరు: మగపిల్లలకి చిన్నప్పట్నించీ దొరికే కసరత్తు ఆడపిల్లలకి ఆలస్యంగా దొరుకుతుంది, ఒక్కోసారి అసలు దొరకదు.

తెగిన లిగమెంటు ఆపరేషన్‌తో బాగుపడుతుందిగా అంటావు. స్వీడన్ వాళ్లు ఫుట్‌బాల్ ఆడుతూ ఈ లిగమెంటు తెగిన ఆడవాళ్లని పన్నెండేళ్ల తర్వాత పిలిచి ఎక్స్‌రేలు తీశారు. ఆ వివరాలు 2004లో అచ్చయ్యాయి. సగటు వయసు 31. సగం మందికి, సరిగ్గా చెప్పాలంటే 51 శాతానికి, అప్పటికే మోకాలి కీళ్ల అరుగుదల! ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకీ చేయించుకోనివాళ్లకీ అందులో పెద్ద తేడా కనపడలేదు. ఆపరేషన్ మోకాలిని నిలబెడుతుంది గానీ, తెగిన రోజున లోపలి గుజ్జుకి తగిలిన దెబ్బని వెనక్కి తీసుకోలేదు.

మనవాళ్లు గుజ్జు అంటారే, ఆ కార్టిలేజ్‌కి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగట ద్రవమే దాని తిండి. నడిస్తే గుజ్జు నొక్కుకుంటుంది, వదిలితే ద్రవాన్ని పీల్చుకుంటుంది. అందుకే నొప్పని మంచమెక్కితే దానికి పస్తే. ఆట మానేసి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక తొడ కండ కరుగుతుంది, ఒంటి బరువు పెరుగుతుంది. అప్పుడు ఆ మోకాలి మీద పడే భారం సంగతి వేరే చెప్పాలా? రోజూ కాస్త నడక, కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు నిలబెట్టి దించడం, ఇవి మాత్రల కన్నా ఎక్కువ కాలం పనిచేస్తాయి.

మరి ఆటలాడిన ఆడవాళ్ల మోకాళ్ల మీద లెక్కలు తక్కువెందుకంటే, ముసలితనం దాకా వచ్చిన ఆటగత్తెలే తక్కువ. మగవాళ్ల కబడ్డీ ఆసియా క్రీడల్లోకి 1990లో వచ్చింది, ఆడవాళ్లది 2010 గ్వాంగ్‌జౌలో. ఆ ఏడాదీ, 2014 ఇంచియాన్‌లోనూ స్వర్ణాలు మనవే. కర్ణాటక పిల్ల మమతా పూజారి మన దక్షిణ మధ్య రైల్వే తరఫున ఆడి, 2012లో పాట్నాలో తొలి మహిళా ప్రపంచ కప్ గెలిచిన జట్టుకి కెప్టెన్ అయింది. ఆడవాళ్ల బాక్సింగ్ ఒలింపిక్స్‌కి 2012లో గానీ రాలేదు. పతకం ఎవరికొచ్చిందో రాసుకున్నాం. ఏ మోకాలికి ఎప్పుడు దెబ్బ తగిలిందో రాసుకోలేదు. నాకు దాని మీదే కోపం.

తిండి మాట కూడా చెప్పాలి. బరువు తగ్గాలని రెండు పూటలు మానేసి ప్రాక్టీసుకెళ్తారు. ఒంటికి చాలినంత శక్తి అందకపోతే నెలసరి ఆగిపోతుంది. పీడా పోయిందనుకుంటారు పిచ్చిపిల్లలు. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముక గట్టిపడదు, ఎముక గట్టిపడే కాలం ఇరవైల్లోనే దాదాపు ముగుస్తుంది. రెండు మూడు నెలలు రాకపోతే డాక్టరమ్మకి చెప్పాల్సిందే.

తల సంగతి ఇంకా కొత్తది. ఆస్ట్రేలియాలో హెదర్ ఆండర్సన్ అనే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలర్ 28 ఏళ్లకే 2022లో చనిపోయింది. ఆమె మెదడులో పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు కనపడిందని 2023లో చెప్పారు. వృత్తిగా ఆడిన ఆడవాళ్లలో అలా తేలడం అదే మొదలు. ఒక్క ఉదాహరణతో హడలిపోనక్కర్లేదు. కానీ పట్టుకి దూకినప్పుడు ఎదుటి మోకాలు తలకి తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకి ఆట బంద్, నీళ్లు చల్లి మళ్లీ దింపడం కాదు.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. నార్వేలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లకి ఆటకి ముందు ఇరవై నిమిషాల కసరత్తు నేర్పితే తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయని 2008లో తేల్చారు. పరుగు, గెంతులు, ఒంటికాలి మీద నిలబడడం, అంతే. రేపు గ్రౌండులో నీ జట్టు పిల్ల ఒకత్తెని ఎదురుగా నిలబెట్టు. నువ్వు ఎగిరి దిగు. మోకాలు పాదం వేళ్ల వైపే వంగిందా, లోపలికి వాలిందా చూడమను. వాలితే మళ్లీ ఎగురు, ఈసారి మోకాళ్లు ఇంకాస్త వంచి దిగు.