గోధుమల డబ్బుతో కొన్న తెలుగు పుస్తకాలు

ఇండియా నుంచి తిరుగు ప్రయాణంలో పచ్చళ్ళకీ పుస్తకాలకీ మధ్య తూకం తగువు మనలో చాలామందికి అనుభవమే. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు ఆవకాయ తగ్గించుకుంటారు! అయితే మనం మోసుకొచ్చిన వాటికన్నా ఎన్నో రెట్లు తెలుగు పుస్తకాలు అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలలో ఎప్పటినుంచో ఉన్నాయి.

అవి ఎలా వచ్చాయంటారా? అమెరికా 1954లో చేసిన పబ్లిక్ లా 480 కింద తన మిగులు ధాన్యాన్ని ఇతర దేశాలకు అమ్మింది. మన పెద్దవాళ్ళు చెప్పే "పి.ఎల్. 480 గోధుమలు" ఇవే. ఇండియా వాటికి రూపాయల్లోనే చెల్లించింది. ఆ రూపాయల్లో కొంత పుస్తకాలకు ఖర్చుపెట్టడానికి 1958లో చట్టం వీలు కల్పించింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి, తెలుగుతో సహా భారతీయ భాషల పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ వంటి యూనివర్సిటీలకు పంపింది. 1980లలో రూపాయల నిధి అయిపోయాక లైబ్రరీలు సొంత డబ్బుతో కొనడం మొదలుపెట్టాయి. మన ఇళ్ళలో చెదలు తినేసిన పుస్తకం ఇక్కడ భద్రంగా దొరికితే ఆశ్చర్యపోనక్కరలేదు.

వీటిని మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ ద్వారా ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో అడగవచ్చు. ముందు వరల్డ్‌క్యాట్‌లో వెతకండి. చిక్కల్లా స్పెల్లింగుతోనే. కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కానీ మనం ఈమెయిల్లో రాసుకునే పద్ధతిలో కాదు. "చ"కి "సి" ఒక్కటే, పక్కన "హెచ్" ఉండదు. "త"కి "టి" ఒక్కటే. "ఈ"కి ఒక్క "ఐ", "ఊ"కి ఒక్క "యు" చాలు. అంటే "చలం" కావాలంటే సి-ఎ-ఎల్-ఎ-ఎమ్ అని కొట్టాలి. ఈ సంగతి తెలియక "లేదు" అనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ఇక మన ఇంట్లో ఉన్నవి. చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, కొన్నేళ్ళకి పెళుసెక్కి విరుగుతుంది. బేస్‌మెంట్ చెమ్మలో ఇంకా త్వరగా పాడవుతుంది. పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే ఈ అలమరాలు ఎవరికి? తమ దగ్గర ఉన్న నవలలనే మళ్ళీ తీసుకోవడానికి లైబ్రరీలు సాధారణంగా ఒప్పుకోవు. కానీ ఢిల్లీ ఆఫీసు కొనేది అక్కడ అచ్చయినవి. అమెరికాలో మన సంఘాలు వేసిన సావనీర్లు, పత్రికలు, నాటకాల కరపత్రాలు ఆ దారిన రావు. నా ఉద్దేశంలో మన దగ్గరున్న అరుదైన సరుకు ఇదే. పాత సావనీరు ఏదైనా కనిపిస్తే, రీసైకిల్ బుట్టలో వేసేముందు ఏదైనా యూనివర్సిటీ దక్షిణాసియా విభాగం లైబ్రేరియన్‌కి అట్ట ఫోటో, సంవత్సరం రాసి పంపండి.