పికప్ ట్రక్కు వెనుక తలుపుకు మడత నిచ్చెన

అమెరికాలో పికప్ ట్రక్కుల ఎత్తు పెరిగేకొద్దీ వెనుక తొట్టిలోకి ఎక్కడం కష్టమైంది. అందుకే ఫోర్డ్ సంస్థ 2008 మోడల్ సూపర్ డ్యూటీ ట్రక్కులకు వెనుక తలుపులోనే ఇమిడే మెట్టును అందించింది. ఆ సౌకర్యం లేని బండికి విడిగా దొరికే మడత నిచ్చెన బిగించుకోవచ్చు. తలుపు మూసినప్పుడు అది లోపలి వైపున మడిచి ఉంటుంది; తలుపు దించాక తిప్పితే కిందికి దిగుతుంది.

బిగించే ముందు తలుపు లోపలి కవర్ విప్పి చూడాలి. గడియ కడ్డీలకు, కెమెరా వైర్లకు డ్రిల్ తగలకూడదు. నిచ్చెనను ఆనించి, తలుపు మెల్లగా మూసి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని తేలాకే రంధ్రాలకు గుర్తులు పెట్టాలి. రంధ్రాల అంచులు నున్నగా చేసి, తుప్పు పట్టకుండా రంగు పూయాలి. పలుచని రేకు మనిషి బరువుకు వంగుతుంది. కాబట్టి వెనుక వెడల్పాటి వాషర్లు వేసి, అదురుకు వదులుకాని, లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్లతో బిగించాలి.

ఇలాంటి చాలా నిచ్చెనల బరువు పరిమితి 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోలు. ఆ భారమంతా తలుపును పట్టి ఉంచే కేబుళ్ల మీద, కీళ్ల మీద పడుతుంది. అవి తుప్పు పట్టి ఉంటే ముందే మార్చాలి. బోల్టులను అప్పుడప్పుడు సరిచూడాలి. బండి కదిలే ముందు నిచ్చెన మడిచి, గడియ పడిందో లేదో చూసుకోవడం తప్పనిసరి.